ఒక్క పేరాలో పట్టని అక్క

అక్కా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. మనసులో నీతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాను కానీ, కాగితం మీద ఇదే మొదటిసారి. "నిన్ను మాట్లాడమంటే ఆగవు, రాయమంటే కదలవు" అని నా మీద పెద్ద నేరం మోపేదానివి కదా... అది అబద్ధం కాకూడదనే ఇన్నాళ్ళూ ఆగాననుకో.

ఈ పూట ప్రొద్దుటూరులో కరెంటు తీసేశారు. లైన్ల మరమ్మతులట. కుట్టు మిషన్లకు మోటార్లు పెట్టించుకున్నాక నా కాళ్ళు తొక్కడం మరిచిపోయాయి. అంగట్లో ఊరికే కూర్చోలేక పెన్ను పట్టుకున్నాను. పెన్ను కూడా నాది కాదు, కొలతలు రాసుకోవడానికి ఒక కస్టమరు దగ్గర తీసుకున్నది, తిరిగి ఇవ్వలేదు.

చూశావా... అప్పుడే దారి తప్పాను. నువ్వుంటే ఈపాటికి ఎర్ర సిరా తీసేదానివి. కరెంటుకు, పెన్నుకు, నువ్వు లేకపోవడానికి ఏం సంబంధం?

సరే, విషయానికి వస్తాను. నీ జీవిత చరిత్ర నేనే రాశాను. నీ జ్ఞాపకార్థ కూడికలో, మన చర్చిలో, నేనే లేచి నిలబడి చదివాను. నువ్వు అడిగినట్టే ఒక్క పేరా. ఆ ఒక్క పేరా కోసం ఎంత రభస జరిగిందో, అందులో పట్టకుండా నువ్వు ఎంత మిగిలిపోయావో... అవన్నీ నీకే చెప్పుకోవాలని ఈ ఉత్తరం.

గుర్తుందా? ఆస్పత్రి వాళ్ళు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాక, జమ్మలమడుగులో మీ ఇంటి వసారాలో నీకు తల దువ్వుతున్నాను. జుట్టు ఏముందని దువ్వడం... అయినా దువ్వుతున్నాను. నువ్వు ఉన్నట్టుండి అన్నావు. "పాపా, మన సంఘంలో సచ్చినోళ్ళ చరిత్ర చదివితే, దాంట్లో సచ్చినోళ్ళు తప్ప అందరూ ఉంటారు. నాది మాత్రం నువ్వు రాయల్ల. ఒక్క పేరా. అది ఒక్క మాట మీద నిలబడల్ల."

నేను పదో తరగతి తప్పిన దాన్ని, నాకెక్కడ వస్తుంది అన్నాను. "కత్తెర పట్టేది వస్తాది గదా, సాలు" అన్నావు. చావు మాటలు మాట్లాడొద్దని కసిరి, దువ్వెన అక్కడే పడేసి లోపలికి పోయాను. సరే అనలేదు, కాదనలేదు. నేను సరే అన్నట్టే నువ్వు లెక్కేసుకున్నావని నాకు తెలుసు.

కానీ నువ్వు పోయిన రోజు నా చేతిలో ఏం ఉందక్కా? నా పేరు నాకు గుర్తులేదు. సంఘ పెద్ద ఒకాయన ఎప్పటి అలవాటు కొద్దీ తానే రాసుకొచ్చి చదివాడు. పుట్టుక, బాప్తిస్మం, పెళ్ళి, ఆ తర్వాత పేర్లు... పేర్లు... పేర్లు. మేనత్తలు, మేనమామలు, తోడికోడళ్ళు, వియ్యాలవారు. బావ తమ్ముడి కొడుకు కువైట్‌లో ఏ రకం బండి నడుపుతున్నాడో కూడా వచ్చింది. నువ్వు మాత్రం "ఉపాధ్యాయురాలిగా సేవలందించి" అన్న ముక్కలో వచ్చి, కామా దగ్గర వెళ్ళిపోయావు. అది విని ఉంటే నువ్వు పెట్టెలోంచి లేచి కూర్చునేదానివి.

అన్ని పేర్లు చదివినా ఒక పేరు తప్పనే తప్పింది. మన దువ్వూరు చిన్నాయనది. నాయన తమ్ముడు, ఇంటికి పెద్దదిక్కు, ఆయన పేరు పోయింది! ఆయన సమాధుల తోట నుంచి నేరుగా బస్టాండుకు పోయాడు. అన్నం కూడా తినలేదు. నీ చావు రోజు సగంమంది నీ కోసం ఏడ్చారు, సగంమంది చిన్నాయనను బతిమాలడానికి రోడ్డు మీద ఉన్నారు.

ఆ రోజే అనుకున్నాను. ఏడాదికి వచ్చే కూడికలో మాత్రం నువ్వు చెప్పినట్టే జరగాలి. ఆ కూడిక కూడా పేర్లతో నిండిపోతే, జమ్మలమడుగు సంఘంలో నువ్వు ఎవరో చెప్పకుండానే నిన్ను పంపించేసినట్టవుతుంది. ఇంకో అవకాశం రాదు కదా... ఏడాది తర్వాత ఎవరు గుర్తుపెట్టుకుని కూడికలు పెడతారు?

రాయడానికి కూర్చుంటే నాకు మొదట గుర్తొచ్చింది తొండూరు బడి. మా ఆయన పోయాక కొన్నాళ్ళు నన్ను ఒంటరిగా వదలక నీ దగ్గరే పెట్టుకున్నావు చూడు, అప్పటి సంగతి. మీరు పులివెందులలో బాడుగకు ఉండేవాళ్ళు. నువ్వు రోజూ తొండూరుకు బస్సులో పోతూ నన్ను కూడా వెంటబెట్టుకుపోయేదానివి. నేను చివరి బెంచీలో, సెనక్కాయల పొట్లంతో. నీ తెలుగు క్లాసులో నేను ఒక్కదాన్నే ముప్పై దాటిన విద్యార్థిని.

పిల్లలు పేరా రాసుకొచ్చేవాళ్ళు. నువ్వు దాని మొదటి వాక్యం బోర్డు మీద రాసి, మిగతావి ఒక్కొక్కటే చదివించి, ప్రతిదానికీ క్లాసును అడిగేదానివి. "ఉంటాదా, పోతాదా?" పిల్లలంతా ఒక్క గొంతుతో "ఉంటాదీ" అనో "పోతాదీ" అనో అరిచేవాళ్ళు. పక్క క్లాసు సారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు, సంత పెట్టారా అన్నట్టు.

ఒక పాప తన మేక మీద రాసింది. "మా మేక శానా తెలివైనది" అని మొదలు. కట్టిన తాడు విప్పుకుంటుందని రాసింది... ఉంటాది. తలుపు గడియ మూతితో తీస్తుందని రాసింది... ఉంటాది. మా మామ తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడని రాసింది... క్లాసు పైకప్పు ఎగిరిపోయేట్టు "పోతాదీ" అంది. ఆ పాప ఒకటే ఏడుపు. వాళ్ళ మామను అందరూ కలిసి ఊరు దాటించినంత బాధ.

అప్పుడు నువ్వు ఆ పాప పక్కన బెంచీలో ఇరుక్కుని కూర్చుని ఏమన్నావో నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "ఏడవొద్దు అమ్మీ. కొట్టేసిన మాట అబద్దం కాదు. మీ మామ యాడికీ పోలేదు. ఆయనకు వేరే పేరా ఉండాది, రేపు రాసుకొని రా."

మరుసటి రోజు ఆ పాప మామ మీద రాసింది. మధ్యలో మేక వచ్చింది. ఈసారి మేక పోయింది. నువ్వు బస్సులో పులివెందుల వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నావు.

కూడిక దగ్గర పడుతుంటే బావ అందరినీ ఇంటికి పిలిచాడు. నీ బిడ్డ స్నేహలత పులివెందుల నుంచి బ్యాంకుకు సెలవు పెట్టి వచ్చింది. పాస్టరయ్య వచ్చాడు. చిన్నాయన రాలేదు, ఫోన్లో హాజరయ్యాడు. "ఈ తూరి నా పేరు మొదట ఉండల్ల. లేకుంటే నేను మనిషినే కాదనుకుంటా" అని స్పీకర్లో అందరికీ వినిపించాడు.

నేను ముందే చెప్పేశాను, అక్క ఒక్క పేరా అడిగింది, ఒక్క మాట మీద నిలబడాలంది అని. అందరూ తలో మాట ఇచ్చారు. ప్రతి మాటకూ నా చెవిలో నీ గొంతు వినిపించిందంటే నమ్ముతావా?

పాస్టరయ్య "ప్రార్థనాపరురాలు" అన్నాడు. ఉపవాస కూటాల్లో నువ్వు తలమీద కొంగు కప్పుకుని ఎంత హాయిగా నిద్రపోయేదానివో పాపం ఆయనకు తెలియదు. గోడకు ఆనుకున్నది నేను, నా భుజానికి ఆనుకున్నది నువ్వు. ఆ మాట పోతాది.

స్నేహ "అమ్మ త్యాగమూర్తి" అంది. అప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాను. పొట్టేలు పులుసులో మూలగ బొక్క నీ కంచంలో తప్ప ఇంకొకరి కంచంలో ఎప్పుడైనా పడిందా? కన్నబిడ్డ అడిగినా "నీకు పెండ్లయినాక నీ ఇంట్లో తిను" అన్నదానివి. త్యాగం కూడా పోతాది.

మరి నేను చెప్పిన మాట? "మా అక్క మంచి మనిషి." చెప్పి నాకే సిగ్గేసింది. ఎన్నిసార్లు చెప్పావు... "మంచిది అనే మాట ఎవరికైనా అతుకుతాది పాపా. దాని కిందనుంచి నన్ను తీసేసి పక్కింటామెను పెట్టినా సరిపోతాది. ఇంక అది నా మాట ఎట్లయితాది?"

బావ మాత్రం ఏం మాట్లాడలేదు. నీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాడు. బావ సంగతి నీకు తెలుసు కదా, నువ్వు మాట్లాడతావన్న ధైర్యంతో ఆయన జన్మంతా నోరు మూసుకుని సుఖపడ్డాడు. ఇప్పుడు మాట్లాడాల్సి వస్తే చేతకావడం లేదు.

ఇంటికి వచ్చి ఎన్ని మొదటి వాక్యాలు రాశానో. మా అక్కకు చదువంటే ప్రాణం అని రాస్తే నీ నవ్వు బయటే ఉండిపోయింది. మా అక్క నవ్విస్తుంది అని రాస్తే, నీ పాట ఏమవ్వాలి? ఆ పాట శ్రుతిలో లేదని అందరికీ తెలుసు, నీకు తప్ప. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే భయం, ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తినే మొండితనం, నేను జాకెట్టు ఎప్పటికీ కుట్టి ఇవ్వనందుకు ఏ చీరకూ కలవని జాకెట్టు వేసుకుని, "మా చెల్లెలు దర్జీ" అని అందరికీ చెప్పి నా పరువు తీసే నీ ప్రేమ... వీటన్నిటినీ ఏ వాక్యం కింద పెట్టాలి? ఒకటి సర్దితే ఇంకొకటి బయటికి వచ్చేస్తుంది.

నా సంగతి నీకు తెలుసు. నేను కత్తిరించిన గుడ్డ ముక్క కూడా పారేయను. బొంతలోకి పనికొస్తుందని దాస్తాను. నిన్ను మాత్రం కత్తిరించి పారేయడానికి నాకు చేతులు ఎలా వస్తాయి?

కూడిక ఇంక వారంలో ఉందనగా, అంగడికి ఒకామె వచ్చింది. కూతురి పెళ్ళి జాకెట్టు. నేను ఇస్తానన్న రోజు దాటిపోయింది. నేను నా దర్జీ పాఠం మొదలుపెట్టాను. మోటారు వేడెక్కుతోంది, లైనింగ్ గుడ్డ ఆ రంగులో బజారంతా తిరిగినా దొరకలేదు, కాజాలు కుట్టే పిల్లకు జ్వరం, పైగా కరెంటు... ఆమె చెయ్యెత్తి ఆపింది. "అయ్యిందా, కాలేదా ముందు చెప్పక్కా. కతలు తర్వాత ఇంటా" అంది.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆ మాట ఆమెది కాదు. అది నీది. పుట్టినప్పటినుంచీ నువ్వు నాకు చెప్తూ వచ్చింది అదే కదా... "అసలు మాట ముందు చెప్పు పాపా." మేక పేరాకు కూడా చెప్పింది అదే.

"కాలేదమ్మా" అన్నాను. నా దర్జీ బతుకులో ఆ మాట ముందుగా చెప్పడం అదే మొదటిసారి. ఆమె కోపం తెచ్చుకోలేదు. "అట్లని చెప్పరాదా, రేపొస్తా" అని మామూలుగా వెళ్ళిపోయింది. ఇంత సులువా ఇది? మరి ఇన్నేళ్ళు మోటార్లకూ పిల్ల జ్వరాలకూ ఎందుకు నా నోరు అరగదీసుకున్నాను?

అప్పుడే నాకు మా ఆయన పోయిన రోజు గుర్తొచ్చింది.

మనవాళ్ళ పద్ధతి నీకు తెలియనిదా... మనిషి పోయినా పోయాడని ఎవరూ చెప్పరు. "కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరు" అంటారు. దయతోనే అంటారులే. ఆ రోజు మా ఆయన లారీలో బండల లోడుతో పోయాడు. మధ్యాహ్నానికి అంగడి ముందు జనం. చిన్న దెబ్బేనంట, ఆస్పత్రిలో ఉన్నాడంట, పద పోదాం అని ఒకరి వెనక ఒకరు. నేను నమ్మాను. ఆస్పత్రిలో ఉండాల్సి వస్తుందేమోనని ఆయన లుంగీ, తువ్వాలు, పళ్ళపొడి బ్యాగులో సర్దుతున్నాను. ఏ వార్డో అడుగుతుంటే అందరూ నేలచూపులు చూస్తున్నారు.

నువ్వు బస్సు దిగి ఆ జనంలోంచి వచ్చావు. నా చేతిలో బ్యాగు తీసుకుని కింద పెట్టావు. "పాపా, ప్రసాదు లేడు. పొద్దున్నే పోయినాడు. బ్యాగు వద్దు."

ఎంతమంది తిట్టారో నిన్ను. ఒకామె ఇది ఆడపుట్టుకేనా అంది. నువ్వు అదేమీ వినిపించుకోలేదు. ఎక్కడ జరిగిందో, ఎట్లా జరిగిందో, ఎప్పుడు తీసుకొస్తారో, నేను అడిగినవన్నీ వరసగా చెప్పావు. అడగనిది ఒక్కటీ చెప్పలేదు. దేవుని చిత్తం అనలేదు, రాత అనలేదు, నీ వయసెంత అనలేదు. తర్వాత నా పక్కన కూర్చుని, ఇంక లేవలేదు. నెలలు గడిచినా లేవలేదు, నన్ను తొండూరు బడి చివరి బెంచీకి కూడా లాక్కుపోయావు.

లోకమంతా నాతో అబద్ధం ఆడుతున్న రోజు నా కాళ్ళకు దొరికిన గట్టి నేల నీ మాట ఒక్కటే అక్కా.

ఇది చెప్పాక నువ్వు పోయిన రోజు సంగతి కూడా చెప్పాలి. దీన్ని ఎవరికీ చెప్పలేదు.

బావ ఫోను చేశాడు. "అక్కకు కొంచెం సీరియస్‌గా ఉందమ్మా, రా" అన్నాడు. బావను ఏమీ అనను, ఆయనకు అంతకన్నా నోరు రాలేదు. కానీ నేను... ఆ మాట అర్థం ఏమిటో అందరికన్నా బాగా తెలిసినదాన్ని... నేను నమ్మాను చూడు. సీరియస్ అంటే సీరియస్సే అనుకున్నాను. నీ కడుపులో కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ నిలవడం లేదని బస్టాండు దగ్గర కొబ్బరిబోండాలు కొన్నాను. లేతవి ఏరి ఇవ్వమని బండివాడితో గొడవ కూడా పెట్టుకున్నాను. బస్సులో అవి సీటు కింద దొర్లుతుంటే కాళ్ళతో ఆపుకుంటూ, నీకు గ్లాసులో పోసి ఎలా తాగించాలో ఆలోచించుకుంటూ వచ్చాను.

మీ వీధి మలుపులో ఆటోలోంచి షామియానా గుంజలు దించుతున్నారు.

ఆ బోండాలు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఒక్క మనిషి ముందే చెప్పి ఉంటే ఆ దారంతా నేను నిన్ను తల్చుకుని ఏడ్చుకునేదాన్ని కదా... ఆశ పెట్టుకునేదాన్ని కాదు కదా... కానీ నాకు అట్లా చెప్పే మనిషి ఒక్కతే. ఆమె లోపల పడుకుని ఉంది. ఇంక ఎవరు చెప్తారు?

బోండాలు తర్వాత ఎవరో కొట్టి స్నేహకు తాగించారు. నీకు తెచ్చినవి నీ బిడ్డకే పోయాయి, ఆ మాత్రం చాలు.

ఇదంతా తల్చుకున్నాక, ఆ కట్టింగ్ టేబులు మీదే, పాత బిల్లు వెనక రాశాను. "మా అక్క సుగుణమ్మ అసలు మాట ముందు చెప్పేది." అంతే. ఆ తర్వాత నేను వెతకలేదు. వాక్యాలే వచ్చాయి. ఒక్కొక్కటీ పైకి చదువుకుని, ఎదురుగా బొమ్మకు తొడిగిన జాకెట్టును అడిగాను... ఉంటాదా, పోతాదా? నీ పాట పోయింది. బల్లి పోయింది. మూలగ బొక్క పోయింది, దానికి మాత్రం శానా బాధపడ్డాను. కొబ్బరిబోండాలు కూడా పోయాయి. అది నా బాధ, నీ చరిత్ర కాదు. కొట్టేస్తున్నప్పుడల్లా తొండూరు పాపకు చెప్పినట్టే నాకూ చెప్పుకున్నాను, దీనికి వేరే పేరా ఉంది అని. ఆ పేరాలన్నీ ఇవిగో, ఈ ఉత్తరమే.

స్నేహకు నచ్చలేదు. "చిన్నమ్మా, అమ్మను గయ్యాళిని చేస్తాండావు. చర్చిలో నలుగురూ ఏమనుకుంటారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల్లి గురించి మెత్తటి మాట వినాలని ఏ బిడ్డకు ఉండదు? నేనూ మెత్తబడ్డాను. మార్చేస్తానని కాగితం మడిచాను కూడా.

అప్పుడు బావ చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నాడు. చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "ఇది సుగుణే. మార్చాకు" అన్నాడు. అన్ని నెలల్లో ఆయన నోటివెంట వచ్చిన గట్టి మాట అదే. పేర్లన్నీ కరపత్రంలో వేయించాడు, అందులో చిన్నాయన పేరు అన్నిటికన్నా పైన, లావు అక్షరాల్లో.

ఇది నేను చదివింది. నీ ముందు ఇంకోసారి చదువుతాను, విను.

"మా అక్క సుగుణమ్మ అసలు మాట ముందు చెప్పేది. పెళ్ళిచూపులకు వచ్చిన మా బావతో, ఇచ్చిన కాఫీ చల్లారకముందే, నేను ఉద్యోగం మానను, ఇష్టమైతేనే కూర్చోండి అంది. బడిలో పిల్లలకు, చెప్పదలచుకున్నది మొదటి వాక్యంలో పెట్టండి, మిగతావన్నీ దాని వెనకే నడవాలి అని నేర్పింది. కువైట్‌లో ఉన్న భర్తకు తన మనసులో మాట చెప్పలేక, ఊరి కబుర్లన్నీ చెప్పి ఫోను పెట్టేసి ఏడ్చే ఇల్లాలికి, నీ కోరిక ముందు చెప్పు, కారణాలు తర్వాత చెప్పు అంది. ఆ ఇల్లాలు ఈ రోజు తనకిష్టమైన పనికి పోతోంది. నా భర్త చనిపోయిన రోజు అందరూ చిన్న దెబ్బ అంటుంటే, ఆయన లేడని నాతో చెప్పింది ఆమె ఒక్కతే. చెప్పి, నన్ను విడిచి పోకుండా ఉండిపోయిందీ ఆమె ఒక్కతే. తన జబ్బు ముదిరిందని కూడా తానే మాకు చెప్పి, కాఫీ పెట్టండి, తాగి మాట్లాడుకుందాం అంది. ఆమె మాటకు భయపడినవాళ్ళు ఉన్నారు, నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఆమె మాట నమ్మి మోసపోయినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు."

చదివి కాగితం మడిచాను. ఎవరూ కదల్లేదు. అరగంట వినడానికి సర్దుకుని కూర్చున్నవాళ్ళు కదా, ఇంకా ఉందనుకున్నారు. పాస్టరయ్య మైకు పక్కకు వంచి "అయిపోయిందామ్మా?" అని అడిగాడు. అయిపోయిందయ్యా అన్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ఏడుపు వినిపించింది. మీ పక్కింటి షాహీన్. కువైట్ ఇల్లాలు ఆమే కదా. నీ కోసం చర్చిలోకి మొదటిసారి వచ్చి, తలమీద దుపట్టా కప్పుకుని, తలుపు పక్కన కూర్చుంది. ఫోన్లో వాయిస్ మెసేజి ఎట్లా పెట్టాలో నువ్వు నేర్పిన పిల్ల. మేకకు దాణా, అత్త మోకాళ్ళు, ఇంటి వెనక కాలువ, అన్నీ చెప్పి అసలు సంగతి మింగేసేది. "ఫస్ట్ మాటే నీ మాట. అదొక్కటి చెప్పినాక మేక గురించి ఎంతసేపన్నా చెప్పుకో" అన్నావట. బయటికి వచ్చాక నా చేతులు పట్టుకుని చెప్పింది. లోపల ఆమె ఏడుపు మొదలవగానే చర్చి అంతా కదిలింది. స్నేహ లేచి వచ్చి నన్ను పట్టుకుంది. ఆ పట్టు చాలు.

ఇంక చిన్నాయన. భోజనాల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. ఏమంటాడోనని ఆయన కంచం వైపే చూస్తున్నాను. మాంసం రెండోసారి వేయించుకుని, ఎముక పక్కన పెట్టి, అప్పుడన్నాడు. "దాంట్లో నా పేరు లేదు గానీ అమ్మీ, మా సుగుణ ఉండాది. పోయిన తూరి ఆయమ్మే లేదు." ఈసారి ఆయన అన్నం తిన్నాడక్కా. నీకు చెప్పాల్సిన కబుర్లలో ఇది ముఖ్యమైనది.

ఇంతసేపూ రాశాను. వెనక్కి తిరిగి చదువుకుంటే... నువ్వు ఎర్ర సిరాతో ఎక్కడ గీత పెడతావో నాకు తెలిసిపోతోంది. కరెంటు చెప్పాను, మేక చెప్పాను, చిన్నాయన తిన్న మాంసం కూడా చెప్పాను. అసలు మాట ఇంకా చెప్పనేలేదు.

నువ్వు లేకుండా నాకు బాగాలేదక్కా. ఏడాది అయినా బాగాలేదు. అంగట్లో నవ్వుతాను, కొలతలు తీస్తాను, అందరితో మాట్లాడతాను, బాగాలేదు.

ఇది మొదటి వాక్యంలో ఉండాల్సిన మాట. తెలుసు. నీ దగ్గర ఇన్నేళ్ళు ఉండి కూడా చివరికి పెట్టాను. కానీ ఉంటాదా, పోతాదా అని ఈసారి నిన్ను అడగను. ఉంటాది.

ఒక్కటి మాత్రం మాట ఇస్తున్నాను. ఇకమీదట మన ఇంట్లో ఎవరికైనా అట్లాంటి కబురు చెప్పాల్సి వస్తే, సీరియస్‌గా ఉందని నేను అనను, ఎవరినీ అననివ్వను. చేతిలో బ్యాగు తీసుకుని కింద పెట్టి, నేనే చెప్తాను. చెప్పి, అక్కడే కూర్చుంటాను.

కరెంటు వచ్చింది. నీ నీలం చీర మీదికి జాకెట్టు గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది, కుట్టలేదు. మోటారు తప్పేమీ లేదు.

నీ పాప,
కరుణ